దసో వారి డ్రాయింగ్ ఆఫీసు

పారిస్‌లో ఫోబూర్ సాంత్ ఆంత్వాన్ అనే పేట వడ్రంగులకు ప్రసిద్ధి. బీరువాలు, భోజనాల బల్లలు, కుర్చీలు తయారుచేసే ఆ పేటలో 1916లో హిర్ష్ మింకెస్ అనే ఫర్నిచర్ వ్యాపారి చేత ఒక కుర్రాడు వాల్‌నట్ చెక్కతో విమానం ప్రొపెల్లర్ చేయించాడు. కుర్రాడి పేరు మార్సెల్ బ్లాక్. యూదు డాక్టరు గారి నాలుగో కొడుకు. విమాన ఇంజినీరింగ్ చదివి, సైన్యం ప్రయోగశాలలో పనిచేస్తున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం జరుగుతోంది. విమానాలకు సరైన పంకాలు దొరకడం లేదు. అతను గీసిన 'ఎక్లేర్' పంకా సైన్యానికి నచ్చింది. ఫ్రెంచివాళ్లు వీరుడిగా కొలిచే గినెమెర్ నడిపిన స్పాడ్ విమానానికి కూడా అదే బిగించారు. యుద్ధం ముగిశాక మింకెస్ గారి అమ్మాయి మాదలీన్‌నే మార్సెల్ పెళ్లాడాడు.

రఫేల్ యుద్ధ విమానం, ఫాల్కన్ బిజినెస్ జెట్, మన పిల్లలు నేర్చుకునే క్యాటియా సాఫ్ట్‌వేర్, లె ఫిగారో దినపత్రిక, బోర్దో ప్రాంతంలో ద్రాక్ష తోట, పారిస్‌లో పేరున్న వేలం సంస్థ. వీటన్నిటి వెనకా ఉన్న దసో కుటుంబం ఆ పంకాతోనే మొదలైంది.

నేను బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఏ కంపెనీ కథ విన్నా నా చూపు ముందు డ్రాయింగ్ షీటు కింద కుడి మూలకు పోతుంది. టైటిల్ బ్లాక్ ఉండేది అక్కడే: గీసిందెవరు, సరిచూసిందెవరు, ఆమోదించిందెవరు. ఫ్యాక్టరీలు చేతులు మారతాయి, షెడ్లు అమ్ముడుపోతాయి. ఆ మూల సంతకం ఎవరిదన్నది మాత్రం వేరే సంగతి. దసో కుటుంబం వందేళ్లకు పైగా నిలిచింది ఆ మూలను వదలకపోవడం వల్లనేనని నా అభిప్రాయం. ప్రభుత్వం రెండుసార్లు వాళ్ల కంపెనీ మీద చెయ్యివేసింది. రెండుసార్లూ డ్రాయింగ్ బోర్డు వాళ్ల దగ్గరే మిగిలింది.

పంకా తర్వాత మార్సెల్ తన స్నేహితుడు ఆంరీ పోటెజ్‌తో కలిసి ఒక యుద్ధ విమానమే గీశాడు. 1918లో ప్రభుత్వం వెయ్యి విమానాలకు ఆర్డరిచ్చింది. నవంబరులో యుద్ధం ఆగింది, దాంతో ఆర్డరూ ఆగిపోయింది. వందో ఎన్నో తయారై ఉంటాయి, అంతే. సర్కారు ఒక్కటే కొనుగోలుదారుగా ఉంటే వ్యాపారం ఎట్లా ఉంటుందో అతనికి అప్పుడే తెలిసొచ్చింది. విమానాలు వదిలేసి మామగారి దారిలో ఫర్నిచర్‌లోకి, ఇళ్ల నిర్మాణంలోకి దిగాడు. దాదాపు పదేళ్లు అదే పని. 1928లో ఫ్రాన్సులో విమానయాన మంత్రిత్వ శాఖ ఏర్పడ్డాక మళ్లీ బోర్డు ముందుకొచ్చాడు. 1930లలో మూడింజిన్ల రవాణా విమానం, ఆ తర్వాత బాంబర్లు. చూస్తుండగానే దేశంలోని పెద్ద తయారీదారుల్లో ఒకడయ్యాడు.

1936లో వామపక్షాల పాపులర్ ఫ్రంట్ ప్రభుత్వం ఆయుధ కర్మాగారాల జాతీయీకరణకు చట్టం చేసింది. బ్లాక్ ఫ్యాక్టరీలు ప్రభుత్వ సంస్థలో కలిశాయి. మరొకరైతే కోర్టుల చుట్టూ తిరిగేవారేమో. ఈయన ఆ ప్రభుత్వ సంస్థకే మేనేజింగ్ డైరెక్టరుగా కుదురుకున్నాడు. అదే ఏడాది డిసెంబరులో తన పేరుతో ఒక ప్రైవేటు డిజైన్ కంపెనీ కూడా పెట్టాడు. కొత్త విమానాలు గీసేది ఆ కంపెనీ, తయారుచేసేది ప్రభుత్వ ఫ్యాక్టరీ. యంత్రాలు, షెడ్లు, జీతాల గొడవ సర్కారుకి. డిజైన్ హక్కులు తనకి. ఈ ఏర్పాటు చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా ఆఫీసులో ఎవరైనా ఇంత తెలివిగా ఆలోచించి ఉంటే ఈపాటికి మాదాపూర్‌లో టవర్లు కట్టేవాడు.

తర్వాతి కథలో నవ్వుకోవడానికి ఏమీ లేదు. 1940లో ఫ్రాన్సు ఓడింది. నాజీలకు లొంగిన విషీ ప్రభుత్వం అతన్ని నిర్బంధించింది. జర్మన్ల కోసం విమానాలు గీయడానికి అతను ఒప్పుకోలేదు. 1944లో గెస్టాపో అరెస్టు చేసి, ఆగస్టులో బుఖెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరానికి పంపింది. అప్పటికి వయసు యాభై దాటింది. ఆ శిబిరంలో ఖైదీల రహస్య సంఘాన్ని నడిపింది కమ్యూనిస్టులు. వాళ్ల నాయకుల్లో ఒకడైన మార్సెల్ పాల్ ఈ పెట్టుబడిదారుణ్ణి కాపాడాడు. 1945 ఏప్రిల్‌లో విడుదలయ్యేనాటికి మనిషి సగమయ్యాడు. తర్వాత జీవితమంతా కుడిపక్క పత్రికలకు, పార్టీలకు డబ్బులిచ్చిన దసో, కమ్యూనిస్టులకు రుణపడిన సంగతి మాత్రం మరిచిపోలేదంటారు. ఇంటిపేరు మారిందీ యుద్ధం తర్వాతే. అన్నగారు జనరల్ దారియస్ పాల్ బ్లాక్ ప్రతిఘటన ఉద్యమంలో వాడిన మారుపేరు నుంచి 'దసో'ను తీసుకున్నారు. అది కొన్నాళ్లు బ్లాక్‌తో జోడుగా నడిచి, 1949కల్లా ఒక్కటే మిగిలింది.

అదే ఏడాది ఫిబ్రవరిలో ఉరగాన్ అనే జెట్ ఎగిరింది. మనకు తెలియకుండానే మన కథ కూడా అక్కడ మొదలైంది. 1953లో భారత వైమానిక దళం ఉరగాన్లు కొన్నది. మనవాళ్లు దాన్ని 'తూఫానీ' అని పిలుచుకున్నారు. ఆ తర్వాత మిస్టేర్ వచ్చింది. 1965 యుద్ధంలో పాకిస్తాన్‌లోని సర్గోధా మీదికి వెళ్లి తిరిగిరాని స్క్వాడ్రన్ లీడర్ దేవయ్య నడిపింది మిస్టేర్‌నే. 1985లో మిరాజ్ 2000లు గ్వాలియర్‌కు చేరాయి, మనవాళ్లు పెట్టిన పేరు 'వజ్ర'. కార్గిల్‌లో టైగర్ హిల్ మీద లేజర్ బాంబులు వేసినవి, 2019లో బాలాకోట్‌కు వెళ్లినవి అవే. ఇప్పుడు రఫేల్. ఇంతకాలంగా మనకు విమానాలు అమ్ముతున్న కుటుంబం దసో తప్ప పడమటి దేశాల్లో మరొకటి కనపడదు.

చెప్పకపోతే తప్పవుతుంది: వాళ్లు పాకిస్తాన్‌కూ అమ్మారు. 1960ల చివర్లో మొదలుపెట్టి పాకిస్తాన్ కొన్న మిరాజ్ III, మిరాజ్ 5లు దశాబ్దాలపాటు ఎగిరాయి. ఇజ్రాయెల్‌కూ ఇచ్చారు. 1967 యుద్ధంలో మిరాజ్‌ల పేరు ప్రపంచమంతా మోగింది, కానీ ఆ యుద్ధానికి కాస్త ముందే ఫ్రాన్సు అధ్యక్షుడు జనరల్ డిగాల్ ఆయుధాల మీద ఆంక్ష పెట్టాడు. ఇజ్రాయెల్ డబ్బు కట్టిన 50 మిరాజ్ 5లు ఫ్రాన్సులోనే ఆగిపోయాయి. ఎవరికి అమ్మాలో, ఎవరికి ఆపాలో తేల్చేది పారిస్ ప్రభుత్వం. లాభం దసో వారిది. ఈ వ్యాపారంలో నీతి గురించి పెద్ద మాటలు నేను చెప్పను. ఆయుధం అమ్మేవాడికి సరిహద్దుకు రెండు వైపులా ఖాతాదార్లు ఉండటం కొత్త విషయం కాదు.

దసో పద్ధతిలో నన్ను బాగా ఆకట్టుకున్నది వేరే. కంపెనీని వాళ్లు కావాలనే చిన్నగా ఉంచుకున్నారు. తయారీలో చాలా భాగం బయటి వాళ్లకు, ఒక్కోసారి ప్రభుత్వ కంపెనీలకే అప్పగించేవారు. లోపల అట్టిపెట్టుకున్నది డిజైన్, ప్రోటోటైపు, చివరి అసెంబ్లీ. పాత విమానంలో ఒకటి రెండు మార్పులు చేసి ఎగరేసి చూడటం, ఫలించిన మార్పును తర్వాతి విమానంలోకి తీసుకోవడం వాళ్ల అలవాటు. ఉరగాన్ నుంచి మిస్టేర్, మిస్టేర్ నుంచి సూపర్ మిస్టేర్. మిరాజ్‌లో తోక రెక్కలు తీసేసి త్రికోణపు రెక్క పెట్టడం ఒక్కటే పెద్ద గెంతు.

సర్కారు ఒక్కటే కొనుగోలుదారుగా ఉండే జబ్బుకు మందు 1963లో దొరికింది. ధనవంతుల కోసం, కంపెనీ అధికారుల కోసం చిన్న జెట్ గీశారు. దాన్ని చూడటానికి అమెరికా నుంచి పాన్ యామ్ విమానయాన సంస్థ బృందం బోర్దో దగ్గరి మెరిన్యాక్‌కు వచ్చింది. అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన చార్లెస్ లిండ్‌బర్గ్ అందులో ఉన్నాడు. తమకు కావలసిన విమానం దొరికిందని ఆయన పాన్ యామ్‌కు టెలిగ్రాం కొట్టాడు. 40 విమానాలకు ఆర్డరు వచ్చింది. అదే ఫాల్కన్ 20. తర్వాత పదేళ్లకు ఫ్రెడ్ స్మిత్ అనే కుర్ర వ్యాపారి పార్శిళ్లను రాత్రికి రాత్రి చేరవేయాలనుకున్నప్పుడు కొన్నదీ ఫాల్కన్లనే. 1973 ఏప్రిల్ 17 రాత్రి మెంఫిస్ నుంచి 14 చిన్న విమానాలు 186 పొట్లాలతో బయల్దేరాయి. ఫెడెక్స్ పుట్టింది అట్లా.

మార్సెల్ దసో మనిషిగానూ విచిత్రమే. వేసవిలోనూ ఓవర్‌కోటు, మెడ చుట్టూ మఫ్లర్. 1951 నుంచి పార్లమెంటు రాజకీయాల్లో ఉన్నాడు, చనిపోయేనాటికీ ఎంపీయే. 'జూర్ ద ఫ్రాన్స్' అనే బొమ్మల వారపత్రిక నడిపాడు. సినిమాలకు డబ్బు పెట్టాడు. 1980లో ఫ్రాన్సును ఊపేసిన 'లా బూమ్' అనే టీనేజీ ప్రేమకథ నిర్మాతల్లో ఆయన ఒకడు, అప్పటికి వయసు 88. టిన్‌టిన్ కామిక్స్ చదివినవాళ్లకు 'ఫ్లైట్ 714'లో కరేదాస్ అనే నవ్వని కోటీశ్వరుడు గుర్తుండాలి. టిన్‌టిన్ సృష్టికర్త ఎర్జే దసోను చూసే ఆ పాత్రను గీశాడు. 1964లో భార్య మాదలీన్‌ను దుండగులు ఎత్తుకుపోతే పోలీసులు ఒక పల్లె ఇంట్లో ఆమెను కనిపెట్టి విడిపించారు. 1976లో కంపెనీ ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారి 80 లక్షల ఫ్రాంకులు డ్రా చేసుకుని మాయమైనప్పుడు గొడవ అంత తేలిగ్గా తెమలలేదు. పన్నుల గుట్టుమట్లు పత్రికలకెక్కాయి, పార్లమెంటు విచారణ దాకా వెళ్లింది.

రెండోసారి జాతీయీకరణ అలాంటి వాతావరణంలోనే వచ్చింది. 1970ల చివర్లో ప్రభుత్వం 21 శాతం వాటా తీసుకుంది. 1981లో అధ్యక్ష ఎన్నికల్లో సోషలిస్టు మిత్తెరాన్ గెలిచాడు. ముసలాయన మళ్లీ కోర్టుకెక్కలేదు. 26 శాతం షేర్లను ఉచితంగా సర్కారుకు రాసిచ్చాడు. కొన్ని షేర్లకు రెట్టింపు ఓట్లుండటంతో ఓట్ల బలం ప్రభుత్వానిదైంది, నడిపేది మాత్రం కుటుంబమే.

సరిగ్గా అదే ఏడాది, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక చిన్న కంపెనీ పుట్టింది. అందులో విమానం లేదు, షెడ్డు లేదు. విమానం ఒంపులను కంప్యూటర్లో గీయడానికి ఫ్రాన్సిస్ బెర్నార్ బృందం 1977 నుంచి తయారుచేస్తున్న ప్రోగ్రాం ఉంది. ఆ కంపెనీ దసో సిస్టమ్స్, ఆ ప్రోగ్రామే క్యాటియా. అమ్మిపెట్టే బాధ్యత ఐబీఎం తీసుకుంది.

ఇక్కడ కాసేపు నా సంగతి. మేం నేర్చుకున్నది టీ స్క్వేర్, సెట్ స్క్వేర్లు, ట్రేసింగ్ షీటు మీద ఇంకు పెన్ను. గీత తప్పితే బ్లేడుతో మెల్లగా గీకి, గోరుతో నునుపు చేసి మళ్లీ గీయాలి. ఎక్కువ గీకితే షీటు చిరుగుతుంది. ప్రింటు తీసే గదిలో అమ్మోనియా ఘాటుకు కళ్లమ్మట నీళ్లు. సరళరేఖలూ వలయాలూ అయితే ఫరవాలేదు. విమానం రెక్క ఒళ్లులా రెండు వైపులా వంగే ఉపరితలాన్ని కాగితం మీద చూపించాలంటే వరసగా అడ్డకోతలు గీసుకుంటూ పోవాలి. రెండు కోతల మధ్య ఏముందో షాపులో తాపీగా రుద్దేవాడి ఊహకు వదిలేయడమే. క్యాటియా తీర్చింది ఆ మధ్య ఖాళీని. ఉపరితలం మొత్తం లెక్కల్లో ఉంటుంది కాబట్టి ఎక్కడ కావాలంటే అక్కడ కొలత దొరుకుతుంది, మిల్లింగ్ యంత్రానికి నేరుగా పంపవచ్చు. మా ఆఫీసుకు మొదటి వర్క్‌స్టేషన్ వచ్చినప్పుడు మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ గారు దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు నిలబడి, "మనం గీకేది ఇక లేదన్నమాట" అని వెళ్లిపోయారు.

1990లలో బోయింగ్ 777ను మొత్తం ఈ సాఫ్ట్‌వేర్‌తోనే రూపొందించారు. ఫ్రెంచి విమాన కుటుంబం రాసిన ప్రోగ్రాంతో అమెరికా తన పెద్ద విమానాన్ని గీసుకుంది. 1997లో సాలిడ్‌వర్క్స్ కంపెనీని కూడా కొన్నారు. వీటి విలువ బయటపడ్డది ఒక గండంలో. 2006లో ఎయిర్‌బస్ ఏ380 తయారీ ఆగిపోయింది. హాంబర్గ్‌లో జర్మన్లు క్యాటియా నాలుగో వెర్షన్‌లో గీశారు, తులూజ్‌లో ఫ్రెంచివాళ్లు ఐదో వెర్షన్‌లో గీశారు. రెండు చోట్ల చేసిన భాగాలు ఒకచోట కలిపితే వైర్లు పొడవు చాలలేదు. వందల కిలోమీటర్ల వైరింగ్ విప్పి మళ్లీ వేయాల్సొచ్చింది, ఎయిర్‌బస్‌లో పెద్ద అధికారుల పదవులు పోయాయి. పాత వెర్షన్, కొత్త వెర్షన్ కలిపి పనిచేయించిన ఏ డ్రాఫ్ట్స్‌మన్‌నడిగినా ఆశ్చర్యపోడు.

కొన్నేళ్లపాటు పారిస్ షేర్ మార్కెట్లో ఈ గీతల కంపెనీ విలువ విమానాల కంపెనీ కంటే ఎన్నో రెట్లు పలికింది. అమీర్‌పేటలో మెకానికల్ పిల్లలు కోచింగ్ సెంటర్ల మెట్లెక్కి ఫీజు కట్టి నేర్చుకునే క్యాటియా, సాలిడ్‌వర్క్స్ రెండూ ఆ ఇంటివే.

మార్సెల్ 1986 ఏప్రిల్‌లో పోయాడు. కొడుకు సెర్జ్‌కు అప్పటికే అరవై నిండాయి. తండ్రి ఆయన్ను చాలాకాలం ఎలక్ట్రానిక్స్ విభాగానికే పరిమితం చేశాడు. రక్షణ మంత్రికి కూడా సెర్జ్ వారసత్వం ఇష్టం లేకపోయింది. మొండిగా కూర్చుని సాధించుకున్నాడు. ఆయన కాలంలోనే ప్రభుత్వ వాటా చేతులు మారి, చివరికి పోటీదారైన ఎయిర్‌బస్ మాతృసంస్థ దగ్గరికి చేరింది. అంటే కొన్నేళ్లు దసో విమాన కంపెనీలో దాదాపు 46 శాతం ప్రత్యర్థిదే. 2014 తర్వాత ఎయిర్‌బస్ ఆ షేర్లలో ఎక్కువ భాగం అమ్మేసింది. ఇప్పుడు కుటుంబ హోల్డింగ్ కంపెనీ చేతిలో సుమారు మూడింట రెండు వంతులు. రాడార్లు చేసే థేల్స్‌లో దసో ఏవియేషన్‌కు నాలుగో వంతు వాటా ఉంది.

సెర్జ్ 2004లో లె ఫిగారోను కొన్నాడు. యుద్ధ విమానాలు అమ్మేవాడు, పైగా సెనేటరు, దేశంలోని పెద్ద పత్రికకు యజమాని. మనకు ఈ కలయిక కొత్తగా అనిపించకపోవచ్చు. ఫ్రాన్సులో మాత్రం విలేకరులు గట్టిగానే గొడవ చేశారు. పారిస్ శివార్లలోని కోర్బే ఎసోన్‌కు ఆయన మేయరుగా ఉన్నప్పుడు జరిగిన ఎన్నికను, ఓటర్లకు డబ్బు పంచారన్న కారణంతో 2009లో అక్కడి అత్యున్నత పాలనా న్యాయస్థానం రద్దు చేసింది. విదేశీ ఖాతాలు దాచిన కేసులో 2017లో 20 లక్షల యూరోల జరిమానా పడింది. ఆయన అప్పీలుకు వెళ్లారు. 2018 మేలో 93 ఏళ్ల వయసులో తన ఆఫీసులోనే ప్రాణం వదిలారు. సెర్జ్ కొడుకు ఒలివియే 2021లో హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాడు. హోల్డింగ్ కంపెనీ పగ్గాలు సెర్జ్ తర్వాత కుటుంబేతరుల చేతిలోనే ఉన్నాయి: మొదట 1960లో అకౌంట్స్ ఉద్యోగిగా చేరిన షార్ల్ ఎదెల్‌స్టెన్, 2025 నుంచి ఎరిక్ ట్రాపియే.

ఇక రఫేల్. యూరప్ దేశాలు కొన్ని కలిసి యూరోఫైటర్ చేద్దామంటే 1985లో ఫ్రాన్సు పక్కకు తప్పుకుంది. డిజైన్ పెత్తనం తమకే కావాలన్నది దసో పట్టుదల. 1986 జులైలో మొదటి రఫేల్ ఎగిరింది. తర్వాత బయటి దేశం ఒక్కటీ కొనలేదు. 2015లో ఈజిప్టు 24 కొనేదాకా దాదాపు మూడు దశాబ్దాలు ఆ విమానాన్ని పోషించింది ఫ్రెంచి ఖజానాయే. 2016 సెప్టెంబరులో మనం 36కు సంతకం చేశాం, సుమారు 59 వేల కోట్ల రూపాయలు. ధర మీద, భారతీయ భాగస్వామి ఎంపిక మీద రేగిన రగడ పాఠకులకు గుర్తే. 2018లో సుప్రీంకోర్టు పిటిషన్లు కొట్టేసింది. 2025 ఏప్రిల్‌లో నౌకాదళం కోసం మరో 26.

2025 జూన్‌లో దసో ఏవియేషన్, టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ నాలుగు ఒప్పందాల మీద సంతకాలు చేశాయి. రఫేల్ ఫ్యూజలాజ్, అంటే విమానం మొండెం, హైదరాబాద్‌లో తయారవుతుంది. వెనక భాగం, దాని పక్క పలకలు, మధ్య భాగం, ముందు భాగం అన్నీ ఇక్కడే. మొదటి భాగాలు 2028 ఆర్థిక సంవత్సరంలో బయటికి రావాలి, లక్ష్యం నెలకు రెండు పూర్తి ఫ్యూజలాజ్‌లు. ఫ్రాన్సు బయట పూర్తి ఫ్యూజలాజ్ చేయడం ఇదే మొదటిసారి. తక్కువ సంగతేం కాదు. అయితే 1936 ఏర్పాటు ఏమిటో చదివినవాడికి ఇది కూడా అర్థమవుతుంది: షెడ్డు, యంత్రాలు, మనుషులు ఒక చోట. డిజైన్ పారిస్ పక్కన సాఁ క్లూలో.

మా వీధిలో ఒక అబ్బాయి క్యాటియా కోర్సు పూర్తిచేసి, ఈ వార్త పట్టుకుని నా దగ్గరికొచ్చాడు. "సార్, ఇందులో డిజైన్ ఉద్యోగాలుంటాయా?" అన్నాడు.

"డిజైన్ అక్కడే అయిపోయింది నాయనా. ఇక్కడ కావలసింది జిగ్గులు, ఫిక్చర్లు గీసేవాళ్లు, ఇన్‌స్పెక్షన్ చేసేవాళ్లు, కార్బన్ పలకకు చీలిక రాకుండా రంధ్రం వేసేవాళ్లు" అన్నాను.

కాస్త నిరాశపడ్డాడు. తర్వాత, ఆ రంధ్రం వేయడం ఎక్కడ నేర్పుతారని అడిగాడు.